తొట్టికీ కుళాయికీ మధ్య ఒక డ్రమ్ము

మద్రాసు ఓఎమ్మార్‌లో, అంటే పాత మహాబలిపురం రోడ్డు వైపు, ఉండే మా ఆఫీసు కుర్రాడొకడు పోయిన ఏడాది తన చేపల తొట్టిలో నీళ్ళు వాటంతటవే మారే ఏర్పాటు చేసుకున్నాడు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దిగే పైపుకు కరెంటుతో పనిచేసే ఒక సోలినాయిడ్ వాల్వు, దాన్ని తెరిచి మూయడానికి ఒక టైమరు, తొట్టి అంచు దగ్గర ఎక్కువైన నీళ్ళు బాత్రూములోకి పోయేలా ఒక గొట్టం. రోజూ పొద్దున పదకొండింటికి వాల్వు తెరుచుకుంటుంది, పది లీటర్లు కొత్తవి వస్తాయి, ఆ మేరకు పాతవి పొర్లిపోతాయి. కొన్ని నెలలు చక్కగా నడిచింది. ఏంజెల్ చేపలు గుడ్లు కూడా పెట్టాయి.

తర్వాత ఒకరోజు వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో సంపు కడిగించారు. కడిగాక ఎవరైనా వేసినట్టే బ్లీచింగ్ పౌడర్ వేశారు. ముందురోజే వాట్సాప్ గ్రూపులో ఆ సంగతి పెట్టారు కూడా. అతను ఆఫీసులో ఉన్నాడు. వాల్వు దాని టైముకు తెరుచుకుంది, దాని టైముకు మూసుకుంది. సాయంత్రం అతను ఇంటికి వెళ్ళేసరికి సగానికి పైగా చేపలు పోయాయి, మిగిలినవి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఊపిరికి ఎగబడుతున్నాయి.

మర్నాడు నన్నడిగిన మొదటి మాట, "అన్నా, క్లోరిన్ కనిపెట్టే సెన్సారేదైనా ఉందా? వాల్వుకు తగిలించేస్తా" అని. అక్కడే కాఫీ తాగుతున్న ఇంకొకాయన, ఆయనా చేపలు పెంచేవాడే, "అందుకే చెప్తా, ఈ మిషన్లన్నీ దండగ. బకెట్టు, మగ్గు ఉంటే చాలు" అన్నాడు.

ఆ ఇద్దరి మాటా నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. అప్పట్నుంచీ ఆలోచిస్తుంటే నాకు కుదురుకున్న అభిప్రాయం ఇది. నీళ్ళు తోడే పనీ మోసే పనీ పోసే పనీ నిశ్చింతగా మోటారుకు అప్పగించవచ్చు, అప్పగించాలి కూడా. ఈ నీళ్ళు చేపలకు పనికొస్తాయా రావా అని తేల్చే పని మాత్రం మనిషి దగ్గరే ఉండాలి. అలా ఉండాలంటే తొట్టికీ కుళాయికీ మధ్య ఒక డ్రమ్ము ఉండాలి. మద్రాసులాంటి ఊళ్ళో అది లేకుండా తొట్టిని నేరుగా లైనుకు కలపకూడదు.

ముందు మోటారు తరఫున

బకెట్టు చాలన్న పెద్దమనిషితో నాకు పేచీ ఉంది. బకెట్టు ఎవరు మోస్తున్నారన్నది ఆయన అడగలేదు.

మూడడుగుల తొట్టి అంటే, 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు, సుమారు 180 లీటర్లు. వారానికి మూడోవంతు మార్చాలంటే 60 లీటర్లు తీయాలి, మళ్ళీ 60 పోయాలి. అంటే 60 కిలోలు దించి, 60 కిలోలు ఎత్తడం. మా అక్క వాళ్ళింట్లో ఈ పని ఎలా జరిగేదో నేను చూశాను. చేపలు బావగారివి. చేపల అంగళ్ళుండే కొళత్తూరు వెళ్ళి ఏరి తెచ్చేది ఆయన, మేత వేసేది ఆయన, ఇంటికొచ్చిన వాళ్ళకు చూపించేది ఆయన. ఆదివారం నీళ్ళు మార్చాల్సిన వేళకు ఆయనకేదో పని తగులుతుంది. అక్క చీర కుచ్చిళ్ళు దోపుకుని బకెట్లు మోసేది. "మీ బావకి చేపలంటే ప్రాణంరా, నాకు నడుమంటే ప్రాణం" అనేది. అలాంటి ఇల్లు ఇదొక్కటే ఉంటుందని నేననుకోను. చేత్తో చేసే పనిలోనే అసలు ప్రేమ ఉందని చెప్పేవాళ్ళు, ఆ చెయ్యి తమదేనా అని ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.

మా పెదనాన్న రైలు పెట్టెలు చేసే ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యాడు, పెరంబూరులో ఉంటాడు. నలభై ఏళ్ళుగా చేపలు పెంచుతున్న మనిషి. మోకాళ్ళు అరిగాక తొట్టి అమ్మేస్తానన్నాడు. చేపల మీద మోజు తగ్గి కాదు, నీళ్ళు మోయలేక. ఇప్పుడు ఆయన తొట్టి పక్కన డ్రమ్ము ఉంది, చిన్న మోటారు ఉంది, ఆయన చేపలు ఆయన దగ్గరే ఉన్నాయి. ఈ విషయంలో నాకు తటపటాయింపు లేదు. ఒక ముసలాయన తన చేపలను ఉంచుకోగలగడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

చేపల వైపు నుంచి చూసినా మోటారుకో మంచి వాదన ఉంది. నీళ్ళు మార్చక మార్చక ఒక్కసారి మార్చడం చాలా తొట్లను ముంచుతుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను బాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు నీళ్ళలోని క్షారతను, అంటే పీహెచ్ పడిపోకుండా కాచే గుణాన్ని, తినేస్తాయి. నెలల తరబడి నీళ్ళు మార్చని తొట్టిలో క్షారత అయిపోయి పీహెచ్ పడిపోతుంది. అంత తక్కువ పీహెచ్‌లో బాక్టీరియా కూడా మందగిస్తాయి, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు బతికే ఉంటాయి, ఎందుకంటే ఆ పీహెచ్‌లో అది దాదాపు అంతా విషం కాని రూపంలో, అంటే అమ్మోనియంగా ఉంటుంది. ఇంతలో యజమానికి ఒక ఆదివారం తీరిక దొరుకుతుంది. సగం నీళ్ళు తీసేసి మన బోరు నీళ్ళు, కాఠిన్యమూ క్షారతా మెండుగా ఉన్నవి, ధారగా పోస్తాడు. పీహెచ్ జివ్వున లేస్తుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషపు వాటా దాదాపు పది రెట్లవుతుంది. నీళ్ళు మార్చిన సాయంత్రమే చేపలు చచ్చిపోతే, "నీళ్ళు మార్చడం వాటికి పడలేదు" అని తేల్చుకుని మళ్ళీ నెలల పాటు తొట్టి జోలికి పోనివాళ్ళను నేనెరుగుదును. రోజూ కొంచెం మార్చే తొట్టికి ఈ గతి పట్టే అవకాశం చాలా తక్కువ. మోటారుకు తీరిక అక్కర్లేదు.

అయితే రోజూ కొంచెం అనేది అన్నివిధాలా మేలని కూడా అనను, లెక్క వేసి చూశాను కనుక. రోజుకు 2 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) నైట్రేట్ పెరిగే తొట్టి అనుకోండి, కొత్త నీళ్ళలో నైట్రేట్ లేదనుకోండి. వారానికోసారి 35 శాతం మారిస్తే నైట్రేట్ 26కీ 40కీ మధ్య ఊగుతుంది. అవే నీళ్ళను ఏడు వాటాలు చేసి రోజుకు 5 శాతం మారిస్తే 38కీ 40కీ మధ్య నిలబడుతుంది. అంటే పారబోసిన లీటరుకు దక్కిన శుభ్రత వారానికోసారి పద్ధతిలోనే ఎక్కువ. రోజూ మార్చేది స్థిరత్వాన్నిస్తుంది, దానికి ఖరీదు కొన్ని నీళ్ళు. 5 శాతాన్ని 6 చేస్తే, అంటే ఈ తొట్టికి రోజుకు ఇంకో రెండు లీటర్లు కలిపితే, 33 దగ్గరకు దిగుతుంది. నా మటుకు నాకు ఆ రెండు లీటర్లు పెట్టదగ్గ ఖర్చే. ఉష్ణోగ్రత, పీహెచ్, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) మూడూ రోజంతా ఒక్కలా ఉంటే చేపలు ఎంత నిబ్బరంగా ఉంటాయో చూస్తున్నాను.

ఈ ఊరి నీళ్ళు

ఇక సెన్సారు అడిగిన కుర్రాడి సంగతి. లైనుకు నేరుగా కలిపే ఏర్పాటు వెనక ఒక నమ్మకం ఉంది. పైపులో వచ్చేవి నిన్నా ఇవాళా రేపూ ఒకే నీళ్ళన్న నమ్మకం. ఏడాది పొడవునా ఒకే ఏటి నీళ్ళు ఒకే తీరున శుద్ధి చేసి పంపే ఊళ్ళో అది నిలబడవచ్చు. ఇక్కడ నిలబడదు.

నేనుండేది విల్లివాక్కంలో. మా వైపు వచ్చే మెట్రో వాటర్, అంటే ఊరి నీటి బోర్డు పంపే నీళ్ళు, ఎక్కువగా రెడ్ హిల్స్ చెరువుది. ఆ చెరువులో వాన నీళ్ళుంటాయి, వదిలిన రోజుల్లో మన కృష్ణ నీళ్ళూ ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య 1983లో కుదిరిన ఒప్పందం ప్రకారం శ్రీశైలం నుంచి బయల్దేరి వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు దాటి, ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెట్టి పూండి చేరే నీళ్ళవి. 1996లో మొదటిసారి వచ్చాయి. మాది నెల్లూరు జిల్లా కనుక, కండలేరు గేట్లెత్తారని పేపర్లో చూస్తే నాకో సంతోషం. ఓఎమ్మార్ వైపు కథ వేరు. అటు నెమ్మేలిలో సముద్రపు నీటిని మంచి నీరుగా మార్చే ప్లాంట్లున్నాయి, 2013లో మొదటిది, 2024లో రెండోది. అవి అందని అపార్ట్‌మెంట్లకు లారీ నీళ్ళు. లారీ ఏ బోరు దగ్గర నింపుకొస్తుందో ఆ వారం అదే నీరు. చాలా బిల్డింగుల్లో మెట్రో సంపు వేరు, బోరు సంపు వేరు ఉంటాయి. మెట్రో నీళ్ళు రానిరోజు వాచ్‌మన్ ఒక వాల్వు తిప్పి బోరు నీళ్ళు పైకి ఎక్కిస్తాడు. ఇంట్లో కుళాయి తిప్పేవాళ్ళకు ఆ సంగతి సబ్బు నురగ రానప్పుడు తెలుస్తుంది. తొట్టిలోని చేపలకు ఎవరు చెబుతారు?

మా బిల్డింగులో నేనే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తుంటాను. మెట్రో నీళ్ళకూ బోరు నీళ్ళకూ మధ్య తేడా కొన్ని వందలు. ఈశాన్య వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బోరు నీళ్ళ అంకె దిగుతుంది, ఎండలు ముదిరేసరికి మళ్ళీ ఎక్కుతుంది. తాగేనీటి ప్రమాణంలో టీడీఎస్ 500 దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. ఈ రెండు అంకెల మధ్య గప్పీ లాంటి మొండి చేప సుఖంగా బతుకుతుంది, డిస్కస్ లాంటి సున్నితమైన చేప ఇబ్బంది పడుతుంది. ఏ చేప అయినా మెల్లగా వచ్చే మార్పుకు కొంత అలవాటుపడుతుంది, కానీ వాచ్‌మన్ తిప్పిన వాల్వుకు అలవాటుపడే వ్యవధి దానికి దొరకదు.

వేడి సంగతి కూడా ఉంది. మే నెలలో పొద్దెక్కేసరికే డాబా మీది నల్ల ట్యాంకులో నీళ్ళు బాగా కాగుతాయి. పదకొండింటికి తెరుచుకునే వాల్వు ఆ నీళ్ళే తెచ్చి పోస్తుంది. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది.

మా కుర్రాడు దీనికొక గట్టి జవాబే చెప్పాడు. "అన్నా, రోజుకు ఐదారు శాతమే కదా మారేది. ఏదొచ్చినా పలచబడిపోతుంది." మామూలు రోజున అతనన్నది నిజం. కుళాయి దగ్గర క్లోరిన్ కనీసం 0.2 పీపీఎం ఉండాలని ప్రమాణం. అరపీపీఎం ఉన్న నీళ్ళు 5 శాతం కలిస్తే తొట్టిలో 0.025 అవుతుంది, అది కూడా నీళ్ళలోని సేంద్రియ మలినాలతో కలిసి త్వరలోనే పోతుంది. అందుకే అతని ఏర్పాటు అన్ని నెలలు నడిచింది. ఇప్పుడు సంపు కడిగిన రోజు లెక్క చూడండి. బ్లీచింగ్ పౌడర్ వేసిన నీళ్ళలో 10 పీపీఎం ఉన్నాయనుకుంటే 5 శాతానికే తొట్టిలో అర పీపీఎం అవుతుంది. మొప్పలు కాలిపోవడానికి అది చాలు. పలచబడటం అనే రక్ష చిన్న తేడాలకే పనికొస్తుంది. వరదలొచ్చి తగ్గాక ఈ ఊళ్ళో సంపులన్నింట్లో బ్లీచింగ్ వేస్తారు, వెయ్యాలి కూడా. 2015లోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులోనూ సంపుల్లోకి మురుగు చేరిన వీధులు ఎన్నో. సంపు బాగుచేసిన అసోసియేషన్‌ను నేను తప్పు పట్టను. మనుషుల కోసం చేయాల్సిన పని వాళ్ళు చేశారు.

సెన్సారు చాలదా?

చాలదనే నా అభిప్రాయం. టీడీఎస్ మీటరు విద్యుత్ వాహకతను కొలిచి అంకె చూపిస్తుంది. క్లోరిన్, అమ్మోనియా దానికి కనిపించవు. పీహెచ్ ప్రోబు కొన్ని వారాలకే పక్కదారి పడుతుంది, పీహెచ్ ముందే తెలిసిన బఫరు ద్రవంలో ముంచి సరిచేస్తుండాలి. నీటి శుద్ధి కేంద్రాల్లో క్లోరిన్‌ను ఆగకుండా కొలిచే యంత్రాలున్నాయి. వాటికి నీళ్ళు ఒకే వేగంతో పారుతుండాలి, క్రమం తప్పకుండా చూసుకునే మనిషుండాలి, ఇక ధర చెప్పనక్కర్లేదు. అంత శ్రద్ధ సెన్సారు మీద పెట్టగలిగినవాడు అందులో పదోవంతు డ్రమ్ము మీద పెడితే సరిపోతుంది.

లైనుకు కార్బన్ ఫిల్టరు పెడితే అన్నది ఇంకా మంచి ప్రశ్న. యాక్టివేటెడ్ కార్బన్ క్లోరిన్‌ను నిజంగానే పట్టేస్తుంది. అయితే నీళ్ళు నెమ్మదిగా పోవాలి, కార్బన్‌లో సత్తువ మిగిలి ఉండాలి. అది అయిపోయిన రోజున చెప్పే దీపం ఏదీ వెలగదు, నీళ్ళు మాత్రం వెనకటిలాగే ధారగా వస్తుంటాయి. బోరు నీళ్ళ కాఠిన్యాన్ని అది ముట్టుకోదు. ఆర్వో పెడదామంటే ఇంటి ఆర్వోలు లీటరు మంచి నీళ్ళకు రెండు మూడు లీటర్లు వదిలేస్తాయి. వచ్చిన నీళ్ళలో ఖనిజాలు దాదాపు ఉండవు, చాలా చేపలకు మళ్ళీ కలపాలి. డిస్కస్ పెంచేవాళ్ళకు తప్పకపోవచ్చు. గప్పీలకోసం ఈ ఊళ్ళో అంత నీరు వదలడం నాకు నచ్చదు. మన కుళాయి నీళ్ళకు తగిన చేపను ఎంచుకోవడం అంతకంటే మర్యాద.

డ్రమ్ము దగ్గర మనిషి

పెదనాన్న ఇంట్లో ఉన్న ఏర్పాటు చెబుతాను. తొట్టి పక్కన 40 లీటర్ల మూత డ్రమ్ము. ఆయన దాన్ని మోయడు, కదపడు. కుళాయి నుంచి ఒక పైపు లాగి నింపుతాడు. నింపాక కొళత్తూరులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తాడు, అది సోడియం థయోసల్ఫేటే. గాలి బుడగలు వదిలే ఒక చిన్న గాలి రాయి రాత్రంతా ఆడుతుంది. పొద్దున ఒక గాజు గొట్టంలో కాసిని నీళ్ళు తీసి క్లోరిన్ పరీక్ష చుక్కలు వేస్తాడు. పసుపు రంగు కనిపిస్తే క్లోరిన్ ఇంకా ఉన్నట్టు. టీడీఎస్ మీటరు ముంచి అంకె చూసి క్యాలెండరు మీద ఆ తేదీ పక్కన రాస్తాడు. అన్నీ సరిగ్గా ఉంటేనే మోటారు స్విచ్చి వేస్తాడు. ఆ తర్వాత నాలుగు రోజులు రోజుకు పది లీటర్ల చొప్పున టైమరు చూసుకుంటుంది. తెల్లవారుజామున ఐదింటికి, నీళ్ళు చల్లగా ఉండే వేళ.

"నింపడమూ చూడటమూ నేనే అయితే ఇంక ఆటోమేటిక్ ఏముందిరా?" అని మొదట్లో ఆయనే అడిగాడు. ఆ ప్రశ్నలో బలముంది. నాకు తోచిన జవాబు, నడుము వంచే పని పోయింది, టైము తప్పే భయం పోయింది, మిగిలింది నిలబడి చేసే ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలను కూడా తీసేస్తే ఏమవుతుందో ఓఎమ్మార్‌లో చూశాం.

డ్రమ్ముతో ఇంకో మేలు ఉంది, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. కుళాయి లైనుకు అంతం లేదు. వాల్వు తెరుచుకుని బిగుసుకుపోతే, మీరు ఇంట్లో లేకపోతే, ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయ్యేదాకా మీ హాల్లోకి నీళ్ళే. డ్రమ్ముకు అంతం ఉంది. మూడడుగుల తొట్టిలో నీటిమట్టం ఒక సెంటీమీటరు పెరగాలంటే నాలుగు లీటర్లు పట్టాలి. పైన 5 సెంటీమీటర్లు ఖాళీ ఉంచితే 20 లీటర్లు అందులోనే సర్దుకుంటాయి, మిగతా 20కి అంచు గొట్టం ఉంది. మోటారును ఆపే స్విచ్చి, అంటే రిలే, అతుక్కుపోయినా, టైమరు పాడైనా అంతకు మించి జరగడానికి నీళ్ళే లేవు. ఏ యంత్రమైనా చెడిపోతుందని ముందే ఒప్పుకుని, చెడిపోయిన రోజు నష్టం ఎంతకు ఆగాలో మనమే నిర్ణయించాలి.

ఇందులోనే కొన్ని మెళకువలు చెప్పాలి, ఇవి తెలియక ఇళ్ళు తడుపుకున్నవాళ్ళున్నారు. డ్రమ్ము కింద, తొట్టి పైన ఉంటుంది కనుక నీళ్ళు పోసే గొట్టం మూతి ఎప్పుడూ నీటిమట్టానికి పైనే ఆగాలి. మునిగి ఉంటే మోటారు ఆగగానే సైఫన్ తిరగబడి తొట్టి నీళ్ళు డ్రమ్ములోకి దిగి పొర్లుతాయి. పాత నీళ్ళు తోడే గొట్టం మూతిని మట్టానికి మూడు సెంటీమీటర్ల కిందే కట్టెయ్యాలి. మోటారు ఆగకుండా తిరిగినా ఆపైన గాలే పీలుస్తుంది, చేపలకు నీళ్ళు మిగులుతాయి. నీటిమట్టంతో పాటు తేలుతూ మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్చి పెట్టినా దాన్నొక్కదాన్నే నమ్మకూడదు. ఒక నత్త ఎక్కి కూర్చుంటే అది కదలదు. నేరుగా లైనుకు కలపాలనుకునేవాళ్ళు వాషింగ్ మెషీన్ వాల్వు కొంటుంటారు. దానికి సాధారణంగా రెండు మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడైనా ఉండాలి. పై అంతస్తుల ఇళ్ళలో డాబా ట్యాంకు నుంచి అది దొరక్క సరిగ్గా పనిచెయ్యదు.

డ్రమ్ముకు గట్టి మూత తప్పనిసరి. డెంగీ తెచ్చే దోమ ఇలా శుభ్రమైన నీళ్ళు నిలవ ఉన్నచోట పెరుగుతుంది. మద్రాసులో కార్పొరేషన్ వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి డ్రమ్ములు తెరిచి చూసేది అందుకే. గాలి రాయి గొట్టానికి పెట్టిన రంధ్రాన్ని కూడా దోమతెరతో మూయాలి. మూడో అంతస్తు బాల్కనీలో స్థలం లేదనేవాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. వాళ్ళకు 20 లీటర్ల వాటర్ క్యాను చాలు, రెండు రోజులకోసారి నింపుకోవాలి. ఈ ఊళ్ళో క్యాను లేని ఇల్లు లేదు.

ఇంకొకటి, ఆవిరైన నీళ్ళను భర్తీ చేయడమే నీళ్ళు మార్చడం అనుకునేవాళ్ళు చాలామంది. ఫ్లోట్ వాల్వు పెట్టి తగ్గిన మేరకు నింపుతుంటే తొట్టి ఎప్పుడూ నిండుగా కనిపిస్తుంది, లోపల ఉప్పులు మాత్రం పేరుకుంటూనే ఉంటాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు తొట్టిలోనే ఉండిపోతాయి. వేసవిలో తొట్టి మీద ఫ్యాను పెట్టి రోజుకు మూడు లీటర్లు ఆవిరైపోతే, పది తీసి పదమూడు పోస్తున్నా తొట్టి టీడీఎస్ చివరికి కొత్త నీళ్ళకు 1.3 రెట్ల దగ్గర ఆగుతుంది. అసలేమీ తీయకపోతే ఆగేదే లేదు.

చెయ్యి పెట్టకపోతే చూస్తామా?

నన్ను నిజంగా తొలిచే సందేహం ఇది. బకెట్టు పట్టుకుని తొట్టి ముందు కూర్చున్న అరగంటలో ఎన్ని కనిపిస్తాయి! ఒక చేప రెక్క చివర చిరిగి ఉండటం, ఇంకొకటి మూల చేరి మేతకు రాకపోవడం, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. మోటారు పెట్టుకున్నాక ఆ అరగంట టీవీకి పోతుందన్న మాటలో నిజముంది. పైగా మోటారు మార్చేది పై నీళ్ళనే. గులకరాళ్ళ మధ్య పేరుకున్న మడ్డిని అది లాగదు, ఫిల్టరు స్పాంజిని పిండదు. అద్దంలా కనిపించే నీళ్ళ కింద మడ్డి కుళ్ళుతున్న తొట్లు నేను చూశాను, వాటిలో కొన్నిటికి ఖరీదైన ఆటోమేటిక్ ఏర్పాట్లున్నాయి.

అయితే ఆ చూపు బకెట్టుకే కట్టిపడేసి లేదు. మేత వేసేటప్పుడు రెండు నిమిషాలు నిలబడితే బకెట్టు ముందు కూర్చున్నప్పటికంటే బాగా తెలుస్తుంది, ఎందుకంటే అప్పుడు చేపలు బెదిరి ఉండవు, అన్నీ ముందుకొస్తాయి, రానిది ఏదో ఇట్టే తెలిసిపోతుంది. పెదనాన్న ఇప్పుడు నెలకు రెండుసార్లు సైఫన్ గొట్టంతో మడ్డి లాగుతాడు, కూర్చునే. మోకాళ్ళు బకెట్లకు ఖర్చయిపోయిన రోజుల్లో ఆ పని నెలల తరబడి జరిగేది కాదు. మోటారు పెట్టాక ఆయన చూపు తగ్గలేదు, పెరిగింది. ఇది అందరి విషయంలోనూ ఇలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను. ముందే చూడని మనిషికి మోటారు ఇంకో సాకు అవుతుంది.

పారబోసే నీళ్ళు

2019 జూన్‌లో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిన సంగతి ఎవరం మరిచిపోం. జూలైలో జోలార్‌పేట నుంచి నీళ్ళ రైలు వచ్చి ఆగింది మా విల్లివాక్కం స్టేషన్లోనే. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. బిందెలు పట్టుకుని లారీ కోసం నిలబడిన వీధిలో ఒకడు రోజుకు పది లీటర్లు బాత్రూములోకి వదిలే యంత్రం నడపడం నాకు ఊహించుకోవడానికే కష్టం. కనుక ఏర్పాటులో పాత నీళ్ళ గొట్టం ఎక్కడికి పోతుందన్నది ఆఖర్న తేల్చుకునే వివరం కాకూడదు. ఆ నీళ్ళలో నైట్రేట్, ఫాస్ఫేట్ ఉంటాయి, కుండీలకు అంతకంటే ఏం కావాలి? పెదనాన్న వాళ్ళింట్లో గొట్టం బాల్కనీలో ఇంకో బకెట్లోకి పోతుంది, అక్కణ్ణుంచి కరివేపాకుకూ మల్లెకూ. తొట్టిలో ఉప్పు మందు వేసిన వారం మాత్రం మొక్కలకు పోయకూడదు, ఇల్లు తుడవడానికి వాడుకోవాలి. కరువు సంవత్సరం వస్తే టైమరులో పది లీటర్లను నాలుగు చేసి, చేపల సంఖ్యా మేతా తగ్గించాలి. రోజూ మార్చే యంత్రం ఉంది కదా అని తొట్టిలో చేపలు కిక్కిరిసేలా నింపినవాళ్ళకు ఆ వెసులుబాటు ఉండదు.

ఊరెళ్ళేటప్పుడు

చాలామంది ఆటోమేటిక్ ఏర్పాటు కోరేది ఇందుకే. సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తే చేపల్ని ఎవరు చూస్తారు? నా సలహా వాళ్ళకు వింతగా అనిపిస్తుంది. ఊరెళ్ళే ముందు ఆ మోటారు ప్లగ్గు పీకేసి వెళ్ళండి. ఫిల్టరు, గాలి మాత్రం నడవనివ్వండి.

ఎదిగిన ఆరోగ్యమైన చేప వారం రోజులు మేత లేకుండా ఉండగలదు. మేత లేకపోతే వ్యర్థాలూ బాగా తగ్గుతాయి, కనుక నీళ్ళు మార్చే అవసరమే చాలావరకు పోతుంది. వెళ్ళే ముందురోజు మామూలుగా మార్చి, తొట్టి నిండుగా ఉంచితే జనవరి చలిలో ఆవిరయ్యేదీ తక్కువే. అదే వారంలో ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక గొట్టం జారినా, కరెంటు పోయి వచ్చి టైమరు గడియారం తప్పినా సరిచేసే చెయ్యి ఉండదు. పిల్ల చేపలున్నవాళ్ళు, రెండు వారాలు దాటి వెళ్ళేవాళ్ళు పక్కింటివాళ్ళకు తాళం ఇచ్చి వెళ్ళాల్సిందే. వాళ్ళకు మేత డబ్బా అప్పగించకండి, ప్రేమ కొద్దీ అంతా ఒకేసారి వేసేస్తారు. ఏ రోజుకు ఎంతో చిటికెడు చిటికెడు పొట్లాలు కట్టి, మీద తేదీలు రాసి ఇవ్వండి.

మా కుర్రాడు ఇప్పుడు వాల్వు తీసేశాడు. డ్రమ్ము కొన్నాడు, టైమరు అదే. కొత్త చేపలు తేవడానికి వచ్చే ఆదివారం ఇద్దరం కొళత్తూరు వెళ్తున్నాం. మళ్ళీ ఏంజెల్ చేపలే కావాలంటున్నాడు. లారీ నీళ్ళ టీడీఎస్ ఒక నెల రాసి చూపించమన్నాను. అంకెలు మరీ ఎగుడుదిగుడుగా ఉంటే గప్పీలే తీసుకోమని చెప్పబోతున్నాను.